ఇంటికొచ్చే వైన్: కొత్తగా కొనేవాళ్ళకి చిట్కాలు

మేముండేది డాలస్ దగ్గర. మా ఇంట్లో తాగేవాళ్ళు తక్కువే గాని, థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిస్తే బల్ల మీద ఒకటో రెండో వైన్ సీసాలు పెట్టక తప్పదు. ఇంటి ఖర్చు లెక్కలన్నీ నావే కాబట్టి ఈ కొనుగోలూ నా చేతికే వచ్చింది. ఆన్‌లైన్లో వైన్ తెప్పించుకునే చిట్కాలు, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి పనికొచ్చేవి ఎక్కువగా, మిగతాచోట్ల ఉన్నవాళ్ళకి కొన్ని రాస్తున్నా. 21 నిండనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, మందులు వాడుతున్నవాళ్ళు, తిరిగి కారు నడపాల్సినవాళ్ళు మాత్రం పేజీ తిప్పేయండి.

ముందు నాలుక సంగతి

1. సైటు తెరవకముందే మీకు ఏం కావాలో కాగితం మీద రాసుకోండి: తీపా, పులుపా, వగరా? ఈ మూడు మాటలు తేల్చుకుంటే వేల సీసాల మధ్య గంటసేపు తిరగక్కర్లేదు, పది నిమిషాల్లో పని అయిపోతుంది.

2. వివరాల్లో 'డ్రై' అని ఉంటే తీపి లేదని అర్థం. 'ఆఫ్ డ్రై' అంటే కాస్త తీపి. మనవాళ్ళలో తొలిసారి తాగేవాళ్ళు మొహం చిట్లించకుండా గ్లాసు ఖాళీ చేసేది ఎక్కువగా ఈ రెండోదే.

3. రీస్లింగ్ తీపిదో కాదో తెలియకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. 8, 9 దగ్గర ఉంటే తీపి, 12 దాటితే చాలావరకు డ్రై. ద్రాక్షలో చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి ఆల్కహాల్ తక్కువుంటే తీపి మిగిలినట్టే.

4. పూర్తి తీపి కావాలంటే ఇటలీ వాళ్ళ మోస్కాటో డాస్టి తీసుకోండి. ఆల్కహాల్ 5 శాతం చిల్లరే, సన్నగా బుడగలుంటాయి. పేరు దగ్గరగా ఉంది కదా అని ఫ్రాన్స్ 'మస్కడే' నొక్కేరు, అది శుద్ధ పులుపు.

5. వైట్ జిన్‌ఫాండెల్ గులాబీ రంగులో, తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. ఉత్త జిన్‌ఫాండెల్ ఎర్రది, డ్రై, 14, 15 శాతం దాకా ఘాటు. ఆర్డరు పెట్టేముందు మొదటి మాట ఉందో లేదో చూడండి.

6. షిరాజ్, సిరా ఒకటే ద్రాక్ష. పీనో గ్రీజో, పీనో గ్రీ కూడా అంతే. రెండు రకాలు రుచి చూద్దామని ఒకే ద్రాక్షకి రెండుసార్లు డబ్బు పెట్టకండి.

7. ఎర్ర వైన్లో నాలుకని పట్టేసే వగరు కాబర్నే సోవిన్యోన్‌లో ఎక్కువ. వగరు పడనివాళ్ళు పీనో న్వార్ గాని, బోజొలే గాని, మెర్లో గాని తీసుకుంటే సీసా సగంలో ఆగిపోదు.

8. షార్డొనే కొనేటప్పుడు 'ఓక్', 'బటరీ' అన్న మాటలున్నాయేమో చదవండి. ఉంటే వెన్నవాసన, వనిల్లా వాసన వస్తాయి. అవి గిట్టనివాళ్ళు 'అన్‌ఓక్డ్' అన్నది గాని, షాబ్లీ గాని తీసుకోవాలి.

9. చెర్రీ, బత్తాయి, చాక్లెట్ అని రాశారంటే అవి లోపల కలిపారని కాదు, రాసినవాళ్ళకి ఆ వాసన తోచిందంతే. ఆ కవిత్వం వదిలేసి తీపి, పులుపు, వగరు గురించి ఏం రాశారో చూడండి, సమయం కలిసొస్తుంది.

10. బుడగల వైన్లో 'బ్రూట్' కంటే 'ఎక్స్‌ట్రా డ్రై' ఎక్కువ తీపి. తిరకాసుగా ఉంది గాని సంగతి అదే! బ్రూట్‌లో లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17. ఇంకా తియ్యగా కావాలంటే 'డెమి సెక్' వెతకండి.

11. అసలైన షాంపేన్ ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ఒక్క ప్రాంతానిదే, ధర కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉంటుంది. స్పెయిన్ కావా, ఫ్రాన్స్ లోనే వేరే ప్రాంతాల క్రెమాన్ కూడా అదే పద్ధతిలో సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేస్తారు. పుట్టినరోజు కేకు దగ్గర మూత ఎగరేయడానికి అవి చాలు, డబ్బు సగానికి పైగా మిగులుతుంది.

లేబులు, మార్కులు

12. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ లేబుళ్ళ మీద చాలావాటికి ఊరి పేరే ఉంటుంది గాని ద్రాక్ష పేరు ఉండదు. సాన్సేర్ అంటే సోవిన్యోన్ బ్లాన్, షాబ్లీ అంటే షార్డొనే, ఎర్ర బర్గండీ అంటే పీనో న్వార్, రియోహా అంటే ఎక్కువగా టెంప్రనీయో, కియాంటీ అంటే సాంజొవేజే. ఈ ఐదూ ఫోనులో రాసి పెట్టుకోండి.

13. అమెరికా సీసా మీద 'రిజర్వ్' అని బంగారు అక్షరాలున్నా చట్టం లెక్కలో దానికి ఏ అర్థమూ లేదు. స్పెయిన్ రియోహాలో మాత్రం ఎర్ర వైన్ 'రిసెర్వా' అనిపించుకోవాలంటే కనీసం మూడేళ్ళు నిలవుండాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో. అదనపు డాలర్లు పెడితే రెండోదానికే పెట్టండి.

14. అమెరికాలో లేబులు మీద ద్రాక్ష పేరుంటే ఆ ద్రాక్ష 75 శాతం ఉంటే చాలు, ఒరెగాన్‌లో చాలా రకాలకి 90 ఉండాలి. 'మొన్న కొన్న మెర్లోలా లేదేంటి' అనుకుంటే కారణం ఆ మిగతా పాతిక శాతం కావచ్చు.

15. లేబులు మీది సంవత్సరం ద్రాక్ష కోసిన ఏడాది. ఇరవై డాలర్ల లోపు తెల్ల వైన్, రోజే (గులాబీరంగు వైన్) ఎప్పుడూ కొత్త సంవత్సరానివే కొనండి. రోజే మీద పెద్ద తగ్గింపు కనిపిస్తే ముందు సంవత్సరం చూడండి, మూలనపడ్డ పాత సరుకు అయ్యుంటుంది.

16. బొమ్మలో ఉన్న సంవత్సరం, కింద రాసిన సంవత్సరం ఒకటేనా అని సరిచూసుకోండి. చాలా సైట్లు పాత బొమ్మనే ఉంచేస్తాయి, వచ్చేది రాతలో ఉన్నది.

17. '92 పాయింట్లు' అని ఉంటే ఎవరిచ్చారో, ఏ సంవత్సరం వైన్‌కి ఇచ్చారో చదవండి. ఈ వందమార్కుల పద్ధతి మొదలయ్యేదే 50 నుంచి, కాబట్టి 85 అంటే మనం స్కూల్లో తెచ్చుకున్న 85 కాదు.

18. వివినో యాప్‌లో మామూలు జనం ఐదుకి మార్కులేస్తారు. 3.8 దాటి, వేసినవాళ్ళు వేలల్లో ఉంటే చవక సీసాకి అది మంచి గుర్తు. పదిమందే వేసిన 4.5 ని లెక్కచేయకండి.

19. పొగిడిన సమీక్షలు మానేసి తిట్టినవి చదవండి. 'మరీ తియ్యగా ఉంది' అని ఎవరో ఒక్క చుక్క వేస్తే, తీపి కావాల్సిన మీకు అది సరిగ్గా సరిపోయే సీసా.

డబ్బు సంగతి

20. నేర్చుకునే రోజుల్లో సీసాకి 12 నుంచి 20 డాలర్లు చాలు. సైట్లో ధరల గడి ఉంటుంది, ముందు అందులో ఈ అంకెలు పెట్టండి, పైవి కళ్ళబడవు, మనసూ లాగదు.

21. నాపా వైన్ ధరలో అక్కడి భూమి ఖరీదు కూడా కలిసే ఉంటుంది. అంతే డబ్బుకి అర్జెంటీనా మాల్బెక్, పోర్చుగల్ విన్యో వెర్దె, స్పెయిన్ రియోహా, ఫ్రాన్స్ కోత్ దు రోన్ మెరుగైనవి దొరుకుతాయి. అందులోనూ మాల్బెక్ మెత్తగా ఉంటుంది, మన మటన్ కూరలకి నా ఓటు దానికే.

22. కొట్టేసిన ధరని నమ్మకండి. 30 డాలర్లు కొట్టేసి 14 అని వేసిన వైన్ ఆ సైటు సొంత లేబులు అయితే ఇంకెక్కడా 30 కి అమ్మింది లేదు. ఆషాఢం సేల్లో రేటు పెంచి తగ్గించిన చీరలాంటిదే ఇదీ.

23. అందుకని సీసా పేరు, సంవత్సరం 'వైన్ సెర్చర్' సైట్లో కొట్టి చూడండి. ఏ షాపులో ఎంతో ఒకేచోట కనిపిస్తుంది. మీ సైటు తప్ప ఎక్కడా లేదంటే అనుమానించాల్సిందే.

24. 'మొదటి ఆరు సీసాలు సగం ధరకే' అనే క్లబ్బుల్లో చేరితే మూడు నెలలకో పెట్టె దానంతటదే వచ్చి, కార్డులో డబ్బు కోసుకుపోతుంది. చేరే ముందే ఎలా మానేయాలో చదవండి. ఫోను చేస్తే తప్ప మాననివ్వని క్లబ్బు మనకొద్దు. చేరితే గనక మొదటి పెట్టె అందిన రోజే మానేసే తేదీ క్యాలెండర్లో వేసుకోండి.

25. ధర చూడాల్సింది సీసా పక్కన కాదు, ఆఖరి పేజీలో. పన్ను, రవాణా కలిపాక వచ్చిన మొత్తాన్ని సీసాలతో భాగించండి, అప్పుడు పక్క వీధి షాపే చవక అని తేలే రోజులూ ఉంటాయి.

26. నిండు సీసా సుమారు మూడు పౌండ్ల బరువు, అందుకే ఒక్కటి తెప్పిస్తే రవాణా ఖర్చే నడ్డి విరుస్తుంది. ఆరో పన్నెండో కలిపి తెప్పిస్తే ఒక్కో సీసా మీద పడేది బాగా తగ్గుతుంది, చాలా షాపులు పన్నెండింటి మీద అదనంగా తగ్గిస్తాయి కూడా.

27. పన్నెండూ ఒకటే రకం తీసుకోకండి, 'మిక్స్‌డ్ కేస్' కలుపుకోనిస్తారు. పక్కింటివాళ్ళతో కలిసి పంచుకుంటే ఇంకా నయం: ఇద్దరికీ ఆరేసి రకాలు, రవాణా సగం సగం.

28. ఏడాది రుసుము కట్టి రవాణా ఉచితం చేసుకునే పథకం ఏడాదిలో కనీసం మూడు నాలుగుసార్లు తెప్పించేవాళ్ళకే గిట్టుబాటు. పండక్కి ఒకసారి కొనేవాళ్ళకి దండగ.

29. తొలి ఆర్డరుకి దాదాపు అన్ని సైట్లూ కూపను ఇస్తాయి. దానికోసం వేరే ఈమెయిలు పెట్టుకోండి, లేకపోతే రోజూ పొద్దున్నే ఆఫర్లతో పెట్టె నిండిపోతుంది.

30. ఎక్కువమంది వచ్చే పార్టీకి అట్టపెట్టె వైన్ చూడండి, సిగ్గుపడక్కర్లేదు. 3 లీటర్ల పెట్టె నాలుగు సీసాలతో సమానం, తెరిచాక కూడా ఫ్రిజ్‌లో నాలుగు వారాలు పాడవదు.

31. ఇంట్లో తాగేది ఒక్కరే అయితే 375 మిల్లీలీటర్ల అర సీసా గాని డబ్బాలు గాని తీసుకోండి. లెక్కకి కాస్త ఎక్కువ పడినా పారబోసేది ఉండదు.

32. ఏదీ తేలకపోతే సైట్లో చాట్ తెరిచి ఒక్క వాక్యం రాయండి: '15 డాలర్ల లోపు, కొంచెం తీపి, కారం కూరల్లోకి'. ఇలా సూటిగా అడిగితే షాపువాళ్ళు కూడా సూటిగా చెప్తారు, ఊరికే 'మంచిది చెప్పండి' అంటే ఖరీదైనది చూపిస్తారు.

ఇంటికి చేరేదాకా

33. సీసాలు ఎంచుకునే ముందే జిప్ కోడ్ కొట్టండి. వైనరీ నుంచి నేరుగా తెప్పించుకోవడానికి చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, పక్క రాష్ట్రం షాపు నుంచి అంటే చాలాచోట్ల కుదరదు, యూటాలో ఇంటికే పంపనివ్వరు. అంతా ఎంచుకున్నాక 'మీ ప్రాంతానికి రాదు' అంటే వృథా ప్రయాస.

34. పెట్టె గుమ్మంలో వదిలి వెళ్ళరు. 21 నిండినవాళ్ళు గుర్తింపు కార్డు చూపించి సంతకం పెట్టాలి, కాబట్టి ఎవరో ఒకరు ఇంట్లో ఉండే రోజు చూసుకోండి. రెండు మూడుసార్లు తిరిగి ఎవరూ దొరక్కపోతే వెనక్కి పంపేస్తారు, ఆ ఖర్చు కొన్ని షాపులు మన నెత్తినే వేస్తాయి.

35. ఇంతకంటే సుఖం, దగ్గర్లోని ఫెడెక్స్ లేదా యూపీఎస్ కౌంటరుకి పంపించుకుని తెచ్చుకోవడం. పెట్టె మీద 'ఆల్కహాల్' అని పెద్ద అక్షరాలతో అంటించి ఉంటుంది. అత్తమామలు ఇండియా నుంచి వచ్చి ఉన్న రోజుల్లో ఈ చిట్కా విలువ మీకే తెలుస్తుంది!

36. ఎండాకాలం టెక్సాస్‌కీ అరిజోనాకీ తెప్పించకండి. లారీలో ఉడికిన వైన్ రుచి చచ్చిపోతుంది, బిరడా కూడా పైకి తన్నుకొస్తుంది. మార్చి, ఏప్రిల్లో గాని అక్టోబరులో గాని తెప్పించి పెట్టుకోండి. తప్పదంటే 'వాతావరణం చల్లబడ్డాక పంపండి' అనే అవకాశం చాలా షాపులిస్తాయి, అడగండి.

37. మిన్నెసోటా, షికాగో వైపు చలికాలం సరిగ్గా దీనికి తిరగేసిన గొడవ. వైన్ గడ్డకడితే వ్యాకోచించి బిరడాని నెడుతుంది, గడ్డకట్టే వారం చూసి ఆర్డరు ఆపండి.

38. సోమవారం బయలుదేరేలా ఆర్డరు పెట్టండి. గురు, శుక్రవారాల్లో బయలుదేరితే శని, ఆదివారాలు గోడౌన్లో మగ్గుతుంది.

39. పండగ పార్టీకి పది రోజుల ముందే తెప్పించండి. ఆఖరి నిమిషం రవాణాకి పెట్టే డబ్బుతో ఇంకో సీసా వస్తుంది.

40. స్నేహితులకి బహుమతిగా పంపితే ముందే ఫోను చేసి చెప్పండి. సంతకం పెట్టేవాళ్ళు లేకపోతే మీ ఆశ్చర్యబహుమతి మీకే తిరిగొస్తుంది.

41. రాగానే పెట్టె విప్పి సీసాలు, సంవత్సరాలు సరిచూసి, కారినా పగిలినా అప్పుడే ఫోటో తీయండి. వారం తర్వాత చెప్తే వినేవాళ్ళుండరు.

42. మూత తీయగానే తడిసిన అట్టముక్క వాసన వస్తే బిరడా వల్ల చెడిందని గుర్తు. పారబోయకుండా మళ్ళీ మూతపెట్టి షాపుకి రాయండి, మంచి షాపులు బదులు సీసా గాని డబ్బు గాని ఇస్తాయి.

మన వంటలతో

43. కారం ఉన్న కూరల్లోకి వగరుగా, 14 శాతం పైన ఘాటుగా ఉన్న ఎర్ర వైన్ పెట్టకండి, నోరు ఇంకా మండుతుంది. ఆఫ్ డ్రై రీస్లింగ్ గాని గెవుర్‌స్ట్రమినర్ గాని చల్లగా ఇస్తే కోడివేపుడు కూడా హాయిగా దిగుతుంది. బిర్యానీకి రోజే బాగుంటుంది.

44. గోంగూర మాంసం, చేపల పులుసు లాంటి పుల్లటివాటికి పుల్లటి వైనే నప్పుతుంది. న్యూజిలాండ్ మార్ల్‌బరో సోవిన్యోన్ బ్లాన్ 15 డాలర్లకే వస్తుంది. వగరు వైన్ పక్కన పులుపు వంటకం పెడితే రెండూ చెడతాయి.

45. పకోడీ, మిర్చిబజ్జీ, అప్పడాల్లోకి బుడగల వైన్. నూనెజిడ్డు నాలుక మీద నుంచి కడిగేస్తుంది. కావా చాలు, షాంపేన్ దండగ.

46. గులాబ్‌జామ్, పూతరేకులతో డ్రై వైన్ వడ్డించకండి, తీపి పక్కన అది చేదెక్కుతుంది. వైన్ మిఠాయి కంటే తియ్యగా ఉండాలి, అంత తీపిది లేకపోతే కాఫీ ఇవ్వండి.

47. శాకాహారులకి ఒక మాట: వైన్ తేరుకోవడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల కేసీన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసిన జిగురు వాడతారు, అమెరికా లేబులు మీద అది చెప్పాలనే నియమం లేదు. కొనే సైట్లో 'వీగన్' అని వడపోత పెట్టండి, లేదా బార్నివోర్ సైట్లో పేరు కొట్టి చూడండి.

48. ఒక సీసాకి ఐదు గ్లాసులు. పార్టీకి లెక్క వేసేటప్పుడు వచ్చేవాళ్ళని కాదు, తాగేవాళ్ళని లెక్కపెట్టి మనిషికి అర సీసా చొప్పున కొంటే మిగలదు, తగ్గదు.

49. తాగనివాళ్ళ కోసం ఆల్కహాల్ తీసేసిన వైన్ కూడా ఆన్‌లైన్లో దొరుకుతుంది. అందులోనూ అర శాతం లోపు ఉండొచ్చు కాబట్టి, మొక్కుకుని మానేసినవాళ్ళకి ముందే చెప్పి ఇవ్వండి.

50. చల్లబెట్టడం మర్చిపోయారా? గిన్నెలో ఐసు, నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచండి, 15, 20 నిమిషాల్లో సిద్ధం. ఎర్ర వైన్ కూడా వడ్డించే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెడితే ఘాటు తగ్గుతుంది.

51. సీసాలు పొయ్యి పక్కనా ఫ్రిజ్ నెత్తినా పెట్టకండి, చీకటిగా చల్లగా ఉండే అలమర అడుగున పెట్టండి. ఇరవై డాలర్ల వైన్ దాస్తే గొప్పదవుతుందన్నది భ్రమ, ఏడాది రెండేళ్ళలో తాగేయాల్సిందే.

52. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నుంచి ఐదు రోజులు బాగుంటుంది. ఆపైన ఐసు ట్రేలో గడ్డకట్టించి పాస్తా సాసులో వాడుకోండి, కానీ వండినా ఆల్కహాల్ పూర్తిగా పోదు, పిల్లల గిన్నెలో వేయొద్దు.

53. నచ్చినా నచ్చకపోయినా లేబులు ఫోటో తీసి, దాని మీదే 'పులుపు, మళ్ళీ కొను' అనో 'వగరు, వద్దు' అనో రాసుకోండి. ఏ నిపుణుడి సలహా కంటే మీ ఆల్బమే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

దేశం మారితే

54. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు ఆల్కహాల్ శాతం చూసి కొనండి. 2023 ఆగస్టులో సుంకం ఆల్కహాల్ శాతం లెక్కకి మారింది, 2025 ఫిబ్రవరి నుంచి వైన్‌కి ఆ లెక్క పూర్తిగా వర్తిస్తోంది. 14 శాతం సీసా కంటే 11 శాతం సీసా మీద సుంకం తక్కువ.

55. ఇండియా వెళ్ళేటప్పుడు నాన్నగారికో బావగారికో తీసుకెళ్తే, సుంకం లేకుండా ఒక మనిషికి 2 లీటర్లే. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే పట్టుకెళ్ళండి. ఒక్కోదాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి తువ్వాళ్ళ మధ్య పెట్టండి, పట్టుచీరలున్న పెట్టెలో మాత్రం వద్దు.

56. తెలుగు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళకి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి. అక్కడ మద్యం ఇంటికి తెచ్చివ్వడానికి అనుమతి లేదు. నెట్లో షాపు పేరుతో ఫోన్ నంబరు పెట్టి 'ముందు డబ్బు పంపండి, అరగంటలో మీ ఇంట్లో' అనేవాళ్ళంతా మోసగాళ్ళే. రూపాయి పంపొద్దు, ఓటీపీ అస్సలు చెప్పొద్దు.